నాండోం పల్లెలో ఈస్టర్‌: అతిథిగా వెళ్ళేముందు తెలుసుకోవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఘనాలోని టేమాలో ఉద్యోగం చేస్తున్నారు. మీతో పనిచేసే డగారా తెగ మిత్రుడు ఈస్టర్‌కి ఘనా వాయవ్య మూలన, నాండోం దగ్గరున్న తన ఊరికి మీ దంపతులిద్దరినీ రమ్మన్నారు. మీది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, మీ ఆవిడ మాంసం ముట్టరు. ఏం పట్టుకెళ్ళాలి, చర్చిలో ఎలా మసలాలి, ఆ ఇంటివాళ్ళకి భారం కాకుండా ఎలా ఉండాలి అని అడిగారు. చివరిదే అసలు ప్రశ్న కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను.

ఈస్టర్ వచ్చే రోజులు అక్కడ ఇల్లు గడవడం కష్టమైన రోజులు. ఆ ప్రాంతానికి ఏడాదికి ఒకటే వాన కారు, ఒకటే పంట. అక్టోబరు, నవంబరుల్లో ఇంటికొచ్చిన జొన్న, సజ్జ, మొక్కజొన్న మార్చి నెలాఖరుకి గాదె అడుక్కి చేరతాయి. ఆ మిగిలినదే తిండికీ, మే, జూన్‌లలో చల్లే విత్తనానికీ. కొత్త గింజ చేతికి రావాలంటే ఇంకా నాలుగైదు నెలలు ఆగాలి. చేతిపంపుల్లో నీరు కిందికి దిగిపోయి ఆడవాళ్ళు వరసలో గంటలకొద్దీ నిలబడతారు. ఎండ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇలాంటప్పుడు ఇద్దరు అతిథులు నాలుగు రోజులు ఉంటే ఆ ఇంటికి ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. అయినా వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. విత్తనాల కుండ దించైనా సరే మీకు వండి పెడతారు. అందుకే మీ తిండి, మీ నీళ్ళు, మీ పడక ముందే సర్దుకోవాలి. అదీ వాళ్ళ పరువుకి భంగం లేకుండా జరగాలి.

దారి ఒకటే: పండగకి రెండు వారాల ముందే మీ మిత్రుడి ద్వారా, ఇంట్లో వంట బాధ్యత చూసే పెద్దావిడకి మొబైల్ మనీలో, అంటే ఫోన్ ద్వారా, డబ్బు పంపించండి. చాలా సందర్భాల్లో ఆవిడ మిత్రుడి తల్లో, పెద్దవదినో అయి ఉంటుంది. “పండగ వంటలో మా వంతు” అని చెప్పిస్తే చాలు. రెండు వారాలు ఎందుకంటే, పండగలో ముఖ్యమైనది పిటో, అంటే ఎర్ర జొన్నతో కాచే పలుచని బీరు. దాన్ని ఆడవాళ్ళే కాస్తారు. జొన్న ఒక రోజు నానాలి, మూడు నాలుగు రోజులు మొలకెత్తాలి, ఎండాలి, మరపట్టాలి, ఆ తర్వాత రోజంతా కాగి, చల్లారి, రాత్రి పులియాలి. ఆదివారం పొద్దున కుండ సిద్ధంగా ఉండాలంటే జొన్న కొనడం పది రోజుల ముందే అయిపోవాలి. శుక్రవారం నాడు మీరు చేతిలో పెట్టే నోట్లు ఏ కుండలోకీ ఎక్కవు. అప్పటికే ఆవిడ అప్పు చేసి జొన్న తెచ్చి ఉంటుంది. ఇంకో సంగతి, అక్కడి సంత వారానికోసారి కాక ఆరు రోజులకోసారి వస్తుంది. సంత రోజు తప్పితే మళ్ళీ ఆరు రోజులు ఆగాల్సిందే.

సరుకులు ఆ ప్రాంతపు ముఖ్యపట్నం వాలో కొనుక్కోండి, అక్రా నుంచి మోయొద్దు. పదిహేను ఇరవైమంది ఉండే ఇంటికి 25 కిలోల బియ్యం బస్తా ఒకటి, 50 కిలోల మొక్కజొన్న, ఐదు లీటర్ల నూనె, పెద్ద టమాటా పేస్టు డబ్బాలు రెండు, ఐదు కిలోల ఉల్లిపాయలు, ఉప్పు, చక్కెర, బట్టల సబ్బు కడ్డీలు సరిపోతాయి. 25 కిలోల బియ్యం దాదాపు నూట అరవై పళ్ళేలు అవుతుంది. ఎక్కువనిపించినా ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి వచ్చి తినేవాళ్ళ లెక్క ముందు అది మామూలే. ఇవన్నీ పెద్దావిడకే అప్పజెప్పండి. ఏ ఇంటికి ఎంత పంచాలో ఆవిడకి తెలిసినట్టు మీకు తెలియదు. పాత బట్టలు మోసుకెళ్ళకండి, ఘనా సంతల నిండా అవే. మందుమాత్రలు పంచకండి. పిల్లలకి దారిలో మిఠాయిలు, చిల్లర ఇవ్వకండి. ఒక్కసారి ఇస్తే మీరు ఉన్నన్నాళ్ళూ ముప్ఫైమంది పిల్లలు మీ వెనకే తిరుగుతారు, పెద్దలకి తలవంపులు. పిల్లలకి ఏదైనా ఇవ్వాలనుకుంటే రెండు ఫుట్‌బాళ్ళు, ఒక గాలి పంపు పల్లె చర్చి నడిపే ఉపదేశికి ఇవ్వండి. సంఘానికి ఇవ్వదలిస్తే శనివారం రాత్రి జాగరణ ప్రార్థనకి సన్న క్రొవ్వొత్తులు, జనరేటరుకి పది లీటర్ల పెట్రోలు ఇవ్వండి. ఆ రాత్రి ఎక్కువగా కొరతపడేవి ఆ రెండే.

అక్రా నుంచి వాకి రోడ్డున సుమారు 700 కిలోమీటర్లు, రాత్రి బస్సులో పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు. వా నుంచి లౌరా మీదుగా నాండోం ఇంకో వంద పైచిలుకు. పవిత్ర వారంలో బస్సులు నిండిపోతాయి కాబట్టి మూడు వారాల ముందే టికెట్ తీసుకుని, బుధవారం బయలుదేరి గురువారం పగలు వాలో దిగండి. వా దాటాక చీకట్లో ప్రయాణం పెట్టుకోవద్దు. నాండోం నుంచి ఊరికి మోటారు ట్రైసైకిల్ మీద వెళ్ళాల్సి రావచ్చు. ముక్కుకి గుడ్డ, కళ్ళకి అద్దాలు లేకపోతే ఎర్రదుమ్ముతో రెండు రోజులు దగ్గుతారు. పోలీసు తనిఖీలుంటాయి, పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు దగ్గరుంచుకోండి. నాండోంకి దగ్గర్లోని హమీలే ఊరి వద్దే బుర్కినా ఫాసో సరిహద్దు. అటువైపు పరిస్థితి బాగాలేదు, చుట్టాలు ఇటూ అటూ తిరుగుతున్నా మీరు మాత్రం దాటకండి.

ఆరోగ్యం విషయంలో ఒక్కదాన్ని తేలిగ్గా తీసుకోకండి. డిసెంబరు నుంచి వానలు పడేదాకా ఆ ప్రాంతంలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కాలం. 2020లోనూ, 2025 మొదట్లోనూ నాండోం ఉన్న అప్పర్ వెస్ట్ ప్రాంతంలో అది ప్రబలింది. కిక్కిరిసిన చర్చిలో నాలుగు గంటలు కూర్చోబోతున్నారు కాబట్టి ఎ, సి, డబ్ల్యు, వై రకాలకి పనిచేసే టీకా రెండు వారాల ముందే వేయించుకోండి. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోతే తెల్లారేదాకా చూడకుండా నాండోంలోని సెయింట్ థెరెసా ఆసుపత్రికి వెళ్ళండి. మలేరియా మాత్రలు డాక్టరునడిగి వాడండి. డాక్సీసైక్లిన్ అయితే ఎండకి చర్మం కమిలిపోతుంది, ఏప్రిల్లో అది మామూలు ఇబ్బంది కాదు. మీ ఊరి నుంచి తల్లిదండ్రులెవరైనా కలిసి వస్తున్నట్టయితే, ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే ఇండియా విమానాశ్రయంలో ఆపి క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది.

తాగే నీళ్ళు సాచెట్లలో కొనండి, అరలీటరువి ముప్ఫై కలిపి ఒక సంచీగా అమ్ముతారు. ఒక్కొక్కరికి రోజుకి మూడు నాలుగు లీటర్లు లెక్కేసుకుంటే ఇద్దరికి రెండు రోజులకి ఒక సంచీ అవుతుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు పదైనా ఉండాలి. స్నానానికి బకెట్ నిండా నీళ్ళు పెడతారు. సగం మగ్గులతో ముగించి మిగతాది వదిలేయండి, దాన్ని వెంటనే ఇంకొకరు వాడుకుంటారు.

డగారా ఇళ్ళు మట్టివి, పైకప్పు చదునుగా ఉండి డాబాలా పనికొస్తుంది. వేసవిలో అందరూ దానిమీదే పడుకుంటారు, మీకూ అక్కడే చాప వేస్తారు. పైకెక్కడానికి నిచ్చెనంటే పాయగా చీలిన ఒకే దుంగ, దానికి గాట్లు చెక్కి ఉంటాయి. కాలు అడ్డంగా, పాదం పక్కభాగం గాటులో ఆనేలా పెట్టాలి. దిగేటప్పుడు ముఖం దుంగవైపే ఉండాలి. చెప్పులతో ఎక్కితే జారుతుంది, చీర కుచ్చెళ్ళు గాటుకి పట్టుకుంటాయి. రాత్రి లేవాల్సి వస్తే టార్చి నోట్లోనో నుదుటికో ఉండాలి, రెండు చేతులూ దుంగకే కావాలి. దోమతెర సొంతంగా తీసుకెళ్ళండి. మొదటి వానలు ఈ రోజుల్లోనే చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి గాలిదుమారంతో దిగుతాయి కాబట్టి సామాను కింద గదిలోనే ఉంచండి.

ఊళ్ళోకి రాగానే ముందు ఇంటిపెద్దని పలకరించాలి. కూర్చోబెడతారు, నీళ్ళిస్తారు, ఆ తర్వాతే ఎందుకొచ్చారని అడుగుతారు, కారణం తెలిసినా సరే. జవాబు మీ మిత్రుడు మీ తరఫున చెబుతాడు. పెద్దలకి కోలా గింజలు ఇవ్వడం మర్యాద. ఇచ్చేదైనా పుచ్చుకునేదైనా కుడిచేత్తోనే. పొద్దున్నే “అన్సోమా”, కృతజ్ఞతకి “బర్కా” అంటే చాలు, ముఖాలు వికసిస్తాయి.

ఇక ఆరాధన. ఈ నేల క్రైస్తవం గురించి రెండు మాటలు తెలిసి వెళితే చూసేది అర్థమవుతుంది. వైట్ ఫాదర్లనే కతోలిక మిషనరీలు 1929లో ఆ ప్రాంతంలోని జిరాపా ఊళ్ళో అడుగుపెట్టారు. 1932లో తీవ్రమైన అనావృష్టి వచ్చినప్పుడు ఊళ్ళవాళ్ళు మిషనుకి వచ్చి వాన కోసం ప్రార్థించమన్నారని, వాన పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత జనం వేలల్లో ఉపదేశానికి వచ్చారు. జ్ఞానస్నానానికి నాలుగేళ్ళ శిక్షణ ఆ మిషనరీల నియమం. 1933లో నాండోం విచారణ (పారిష్) ఏర్పడింది. ఈ ప్రాంతపు బిడ్డ పీటర్ పొరెకు డెరీ 1951లో గురువు (ఫాదర్) అయ్యారు, 1960లో వా పీఠానికి బిషప్ అయ్యారు, 2006లో కార్డినల్ అయ్యారు. అంతకుముందు చావు పాటలతో, పూర్వీకుల పూజలతో ముడిపడి ఉందని మిషనరీలు దూరం పెట్టిన జీల్ అనే కొయ్యపలకల వాద్యం చర్చి పూజలోకి రావడంలో ఆయన పాత్ర పెద్దది.

గుంటూరు లూథరన్లకి ఈస్టరంటే తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన. ఇక్కడ పండగకి గుండెకాయ శనివారం రాత్రి. కాబట్టి మీ మిత్రుణ్ణి ముందుగా అడగాల్సింది “మీ ఊరివాళ్ళకి జాగరణ ఎక్కడ?” అని. ఒక్కో విచారణ కింద పది, ఇరవై పల్లె ప్రార్థనాలయాలుంటాయి, గురువులు ఇద్దరో ముగ్గురో. అందువల్ల జాగరణ కేంద్రంలోనో, రెండు మూడు పెద్ద ఊళ్ళలోనో జరుగుతుంది. మిగతా ఊళ్ళవాళ్ళు నడిచో, ట్రైసైకిళ్ళ మీదో వస్తారు. పల్లె చర్చిలో ఆదివారం ప్రార్థన ఉపదేశి నడిపిస్తాడు, గురువు సోమవారం రావచ్చు. ఇది అడక్కుండా ఇంట్లో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి ఊరు ఖాళీగా కనిపిస్తుంది.

గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆచారం, ఆ తర్వాత రాత్రి పొద్దుపోయేదాకా మౌన ప్రార్థన. శుక్రవారం దివ్యబలి పూజ ఉండదు. సిలువ మార్గం 14 స్థలాలూ ఆరుబయట ఎండలో నడుస్తారు. మధ్యాహ్నం మూడింటి ఆరాధనలో సిలువని ముద్దుపెట్టుకోవడానికి వరసగా వెళ్తారు, చాలామంది చెప్పులు విడిచి. ఆ రోజు ఒక్కపూటే పూర్తి భోజనం, మాంసం ఉండదు. నలుపో ముదురు ఎరుపో కట్టుకోండి. ఫోటోలు వద్దు. ఎండలో తూలిపడేది ఎక్కువగా ఉపవాసం అలవాటులేని అతిథులే, కాబట్టి టోపీ, ఒక నీళ్ళ సాచెట్ సంచీలో పెట్టుకోండి. నీళ్ళు తాగితే ఉపవాసం చెడదు.

శనివారం రాత్రి జాగరణ పూర్తిగా చీకటి పడ్డాకే మొదలవ్వాలి, ఏడున్నర, ఎనిమిది అవుతుంది. దీపాలన్నీ ఆర్పేస్తారు. బయట చితుకులతో మంట వేసి, దాని నుంచి పాస్కా అనే పెద్ద క్రొవ్వొత్తి వెలిగిస్తారు. దానిమీద సిలువ, ఆ ఏడాది అంకెలు, ఐదు సాంబ్రాణి గింజలు ఉంటాయి. ఆ జ్యోతి నుంచి ఒకరి క్రొవ్వొత్తి నుంచి ఇంకొకరిది అంటించుకుంటూ చర్చి అంతా వెలుగుతుంది. ఆరిన క్రొవ్వొత్తినే వెలిగేదానివైపు వంచండి. వెలిగేదాన్ని వంచితే కరిగిన మైనం ముందువాళ్ళ మెడమీద పడుతుంది. పాత నిబంధన పఠనాలు ఏడు వరకూ ఉంటాయి, ప్రతిదాని తర్వాత కీర్తన, ప్రార్థన. జీల్ అప్పటిదాకా ఊరుకుంటుంది. చివరి పాత నిబంధన పఠనం అయ్యాక “గ్లోరియా” ఎత్తుకోగానే గంటలు, జీళ్ళు, డప్పులు, ఆడవాళ్ళ కేకలు ఒక్కసారిగా లేస్తాయి. తపస్కాలం నలభై రోజులూ పలకని అలెలూయా ఆ తర్వాత వస్తుంది. నిద్రమత్తులో ఉన్న పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు.

జీల్ ఎలాంటిదో దగ్గర నుంచి చూడండి. గట్టి కలపతో చేసి కాల్చి ఎండబెట్టిన పద్నాలుగు పలకలు, ఒక్కోదాని కింద ఒక్కో సొరబుర్ర, పెద్ద నుంచి చిన్నకి వరసగా. బుర్రకి చిన్న చిన్న కన్నాలు చేసి, వాటిమీద సాలీడు గుడ్లు పొదిగే తెల్లని పొర అంటిస్తారు. ఇప్పుడు పలుచని ప్లాస్టిక్ కాగితం కూడా వాడుతున్నారు. పలక కొట్టినప్పుడు వచ్చే ఆ జుంయిమనే రొద దానిదే. పొర చిరిగితే రొద పోతుంది, అందుకే వాయించేవాడు పూజకి ముందు ఒక్కో కన్నం తడిమి చూసుకుంటాడు. దాన్ని దాటకండి, అడక్కుండా ముట్టకండి.

జ్ఞానస్నానాలు డజన్లకొద్దీ ఉంటాయి, మొత్తం నాలుగైదు గంటలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. చాలా చోట్ల ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు, మీ ఆవిడని పెద్దావిడ తనతో తీసుకెళుతుంది. దివ్యసత్ప్రసాదం కతోలికులకే. మీరు లూథరన్లు కాబట్టి నాలుక చాచకుండా, చేతులు ఛాతీమీద అడ్డంగా పెట్టుకుని వెళితే గురువు దీవిస్తారు, లేదా కూర్చోవచ్చు. తెలియక చేయిచాస్తే ఇబ్బంది ఆయనకే. కానుకల వేళ అందరూ వరసగా అడుగులేస్తూ ముందుకెళ్ళి పెట్టెలో వేస్తారు. గింజల బుట్టలు, పెండలం దుంపలు, కోళ్ళు కూడా అలాగే వస్తాయి. కానుక ఒక్కసారితో అయిపోదు, రెండు మూడు సార్లు పిలుస్తారు. ఐదు, పది సీడీల (ఘనా కరెన్సీ) చిన్న నోట్లు వాలోనే మార్చుకోండి. పండగ రోజుల్లో పల్లె మొబైల్ మనీ ఏజెంట్ల దగ్గర నగదు అయిపోతుంది. అందరి ముందూ పెద్ద నోటు వేయడం మంచిది కాదు, మీ పక్కన నిలబడే పేద ముసలమ్మ చేతిలో ఒక్క నాణెమే ఉంటుంది.

ఆదివారం తెల్లబట్టలు. మీ ఆవిడ తెల్ల జరీచీర అక్కడ చక్కగా కలిసిపోతుంది. పూజయ్యాక ఇల్లిల్లూ తిరుగుతారు, ప్రతి ఇంట్లో సొరబుర్ర చిప్పలో పిటో. ఇచ్చేవారు ముందు తాము ఒక గుక్క తాగి ఇస్తారు, అది నమ్మకానికి గుర్తు. తాగని వాళ్ళు చిప్పని రెండు చేతులా అందుకుని, పెదవికి ఆనించి, కృతజ్ఞత చెప్పి పక్కవారికి ఇవ్వచ్చు, ఎవరూ నొచ్చుకోరు. ఘాటు తక్కువే అయినా ఎండలో, ఖాళీ కడుపుతో, ఆరో ఇంటికి తల తిరుగుతుంది. సజ్జపిండి కలిపిన నీళ్ళు ఇస్తే మాత్రం జాగ్రత్త, పిటో కాచినది, ఇది పచ్చి నీరు.

రోజూ తినేది సాబ్, మన రాగిసంకటిలాగే గట్టిగా కెలికిన ముద్ద, మొక్కజొన్నతోనో జొన్నతోనో చేస్తారు. దాంట్లోకి బెండ, బావోబాబ్ ఆకు పొడి, గోంగూర జాతి ఆకు వేసిన పులుసులు. దావాదావా చెట్టు గింజల్ని పులియబెట్టి వేసే ముద్ద వాసన ఘాటుగా ఉంటుంది, నాలుగో ముద్దకి అలవాటైపోతుంది. మాంసం మాననివాళ్ళూ ఒక మాట అడిగి తినండి: మేక, పంది, గిన్నీ కోడితో పాటు కుక్క మాంసం కూడా ఆ ప్రాంతంలో తింటారు. “ఇదేం మాంసం?” అని మామూలుగా అడగడం తప్పు కాదు, ముఖం చిట్లించడం తప్పు. మీ ఆవిడకి చిక్కు మాంసం కన్నా ఎండు చేపల పొడితోనూ, మసాలా బిళ్ళలతోనూ వస్తుంది, అవి ప్రతి పులుసులో పడతాయి. “మాంసం తినదు” అంటే చేప వేస్తారు. “చేప, రొయ్య, కోడి, బిళ్ళ, ఏదీ వద్దు” అని మిత్రుడి చేత వారం ముందే చెప్పించండి. ఉడికించిన పెండలం దుంప, అలసంద వడలు, బంబారా వేరుశనగ గుగ్గిళ్ళు, బియ్యం అలసందలు కలిపి వండిన వాచే, చేప వేయకుండా వేరుశనగ పులుసు, ఇవి ఆ ఇంట్లోనే సులువుగా అవుతాయి. కొంచెం ఆవకాయ పట్టుకెళితే ముద్దలోకి బాగుంటుంది, వాళ్ళకీ కారం ఇష్టమే. మాంసమైనా అన్నమైనా పొగలు కక్కేటప్పుడే తినండి. ఫ్రిజ్ లేదు, మధ్యాహ్నం వండిన అన్నం ఆ వేడికి సాయంత్రానికే కడుపు చెడగొడుతుంది.

ఈస్టర్ సోమవారం ఘనా అంతటా సెలవు. సాయంత్రం చర్చి మైదానంలో బావా నాట్యం జరుగుతుంది, కాళ్ళకి ఇనుప గజ్జెలు కట్టి ముందుకి వంగి దుమ్ము లేచేలా ఆడతారు. బాగా ఆడినవారి నుదుటికి ఒక చిన్న నోటు అద్దడం మెచ్చుకోలు. పిలిస్తే మీరూ వరసలో కలవండి, అడుగు తప్పితే నవ్వుతారు, ఆ నవ్వు ఆదరణే.

తిరుగు టికెట్ మంగళవారానికి తీసుకోండి. సోమవారం పొద్దున్నే లేచి వెళ్ళిపోతే పండగ మధ్యలో లేచినట్టే. బయలుదేరే ముందురోజు రాత్రే ఇంటిపెద్ద దగ్గర కూర్చుని దారి అడగాలి, ఆయన ఇస్తేనే ప్రయాణం. చాలామంది అప్పుడు బతికున్న కోడినో గిన్నీ కోడినో కాళ్ళు కట్టి చేతికిస్తారు. ఎంత పేద ఇల్లైనా, మీరు ఎంత మొహమాటపడినా తిప్పి ఇవ్వకండి, అది వాళ్ళని కించపరచడమే. రెండు చేతులా తీసుకోండి. బస్సులో మోయలేకపోతే, “నా కోడిని మీ గూటిలోనే పెంచండి” అని పెద్దావిడకి అప్పజెప్పచ్చు. అలా వదిలివెళ్ళడం అక్కడ అందరికీ తెలిసిన పద్ధతే, దాని పిల్లల్లో సగం ఆ ఇంటివి. 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది, అంటే టికెట్లు, టీకాల పని ఫిబ్రవరి నెలాఖరుకే ముగించుకోవాలి.